సంక్రాంతికల్లా థార్ రూపు మార్చాలి: కోనసీమ ఉప్పుగాలికి ఏవి నిలుస్తాయి?

చెరువుగట్టు | నవంబరు 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇల్లు అమలాపురంలో, రొయ్యల చెరువులు ఓడలరేవు వైపు. రెండు నెలల కిందట 2021 నాటి మహీంద్రా థార్ జీపు ఒకటి తీసుకున్నాను. డీజిలు, ఎల్‌ఎక్స్, హార్డ్ టాప్, నలుపు. ఇంజను గురించి బెంగ లేదు. బాధంతా రూపం గురించే. మా వీధిలోనే ఇలాంటి నల్ల థార్లు నాలుగున్నాయి. మొన్న రావులపాలెంలో పెళ్లికి వెళ్లి, భోజనాలయ్యాక వేరేవాళ్ల బండి తలుపు లాగుతూ నిలబడ్డాను. లోపల కూర్చున్న పెద్దావిడ అద్దం దించి "ఎవరు కావాలి బాబూ?" అని అడిగారు. ఆ రాత్రే నిర్ణయించుకున్నాను.

సంక్రాంతికల్లా చూడగానే నా బండి అని తెలియాలి. అనుకున్నవి ఇవి: మిలటరీ పచ్చ రంగు, ముందు బలమైన ఇనుప గార్డు, ఇప్పటివాటికంటే పెద్ద 285/65 టైర్లు, స్నార్కెల్ (ఇంజనుకు పైనుంచి గాలి అందించే గొట్టం), టాపు మీద పొడవాటి ఎల్‌ఈడీ బారు, ఏడు గీతల గ్రిల్. చేతిలో లక్షన్నర ఉంది. ఏది ముందు చేయించమంటారు?

గౌతమి_ఒడ్డు | నవంబరు 8, రాత్రి 10:05

మిలటరీ పచ్చ అద్భుతంగా ఉంటుంది. కళ్లు మూసుకుని వేయించండి. ఫొటోలు మాత్రం మరిచిపోకండి.

రెండో_గేరు | నవంబరు 8, రాత్రి 10:22

కళ్లు మూసుకుని వేయిస్తే, తెరిచేసరికి ఆర్టీవో ఆఫీసులో ఉంటారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఈ రంగు గురించే. ఆలివ్ పచ్చ రక్షణ శాఖ బండ్లకు మాత్రమే. సొంత బండికి వేయకూడదు. లేత పచ్చ, బూడిద కలిసిన పచ్చ వేరే సంగతి. అయితే ఆర్‌సీలో "నలుపు" అని రాసి ఉన్నంతకాలం ఏ రంగు మార్చినా అందులో నమోదు చేయించుకోవాలి.

ముందు గార్డు సంగతి కూడా అంతే. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వాటిని వద్దంది. ఎదురుగా నడిచి వెళ్లేవాడికి ప్రమాదం అన్నది ఒక కారణం. రెండోది మీకే సంబంధించింది. గుద్దుకున్నప్పుడు బంపరు నలిగి దెబ్బను మింగాలి, ఆ లెక్క మీదే ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటుంది. మధ్యలో చాసిస్‌కు బిగించిన ఇనుప గొట్టం ఉంటే దెబ్బ వేరే దారిన పోతుంది, ఆ లెక్క తప్పుతుంది. 2020 నవంబరులో బండ్ల భద్రతను కొలిచే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఈ థార్‌కు నాలుగు నక్షత్రాలు వచ్చింది ఆ గార్డు లేకుండానే.

గౌతమి_ఒడ్డు | నవంబరు 8, రాత్రి 10:31

మా ఊళ్లో పది బండ్లకు గార్డులున్నాయి. ఇంతవరకు ఎవరినీ ఆపలేదు.

రెండో_గేరు | నవంబరు 8, రాత్రి 10:50

ఆపకపోవడం వేరు, అనుమతి ఉండడం వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆ ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల వరకు జైలు.

అసలు దెబ్బ ఇన్సూరెన్సు దగ్గర తగులుతుంది. మా బావగారి బండి మలుపులో కల్వర్టును గుద్దింది. సర్వేయరు వచ్చి ముందుగా ఫొటో తీసింది పగిలిన దీపాన్ని కాదు, వంగిన గార్డును. ఆ క్లెయిము తేలడానికి అయిదు నెలలు పట్టింది, వచ్చింది సగం.

పాతజీపు_540 | నవంబరు 9, ఉదయం 6:15

మా నాన్నగారు 1994లో కొన్న మహీంద్రా ఎంఎం540 జీపు ఇప్పటికీ మా కొబ్బరితోటలో తిరుగుతోంది. కాబట్టి ఆ ఏడు గీతల గురించి ఒక మాట చెప్పే అర్హత నాకుందని అనుకుంటున్నాను.

అందరూ ఏడు గీతలే అసలు జీపు అనుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యానికి జీపులు చేసిన విల్లీస్ వాళ్ల మొదటి బండ్లకు ముందున్నది ఇనుప కడ్డీలు అతికించిన జల్లెడ. రేకును ఒత్తి తొమ్మిది సందుల గ్రిల్ చేసింది ఫోర్డు. చవకగా, తేలికగా ఉందని విల్లీస్ వాళ్లూ అదే తీసుకున్నారు. ఏడు సందులు 1945లో పౌరుల కోసం వచ్చిన సీజే-2ఏతో మొదలయ్యాయి, పెద్ద హెడ్‌లైట్లకు చోటు కావాలి కనుక. తర్వాత అదే జీపు ముద్ర అయింది. మహీంద్రా వాళ్ల రాక్సర్ అనే బండి మీద జీపు సంస్థతో అమెరికాలో వివాదం నడిచింది ఈ ముఖకవళికల గురించే. 2020లో ఆ బండి ముఖం మార్చాకే ఒడ్డున పడ్డారు.

కాబట్టి తమ్ముడూ, థార్‌కు ఏడు గీతలు పెడితే వేరేవాళ్ల ముఖం తగిలించుకున్నట్లే. నీ బండి గుర్తుపట్టాలనే కదా ఇదంతా? మార్కెట్టులో థార్ గ్రిల్లులలో సగానికి సగం అవే. పెళ్లిలో మళ్లీ ఆ పెద్దావిడే కనిపిస్తారు.

షెడ్డు_రాజమండ్రి | నవంబరు 9, మధ్యాహ్నం 1:30

భోజనం ముందు చదివాను, భోజనమయ్యాక రాస్తున్నాను. డెంటింగు, పెయింటింగు పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. డెల్టా కింది భాగం నుంచి వచ్చే బండికీ, కొవ్వూరు ఎగువ నుంచి వచ్చే బండికీ రేకు చూస్తేనే తేడా తెలుస్తుంది. కింది బండ్లకు తుప్పు కనిపించే చోట మొదలుకాదు. రేకులు అతికిన సందుల్లో, తలుపు అడుగున నీరు పోయే రంధ్రాల చుట్టూ, బోల్టు కింద మొదలవుతుంది. పైకి కనిపించేసరికి లోపల సగం తినేసి ఉంటుంది.

అందుకే నేను ముందు అడిగేది ఏ రంగు అని కాదు, ఎన్ని రంధ్రాలు వేయబోతున్నారని. స్నార్కెల్‌కు ముందు మడ్‌గార్డు రేకు కోయాలి. ర్యాకుకు, బారు లైటుకు, మెట్టుకు రంధ్రాలు. కోసిన ప్రతి అంచుకూ జింక్ ప్రైమరు, పైన రంగు, లోపలి వైపు మైనం. చాలా షెడ్లలో డ్రిల్లు వేసి, రజను ఊది, బోల్టు బిగించి పంపేస్తారు. రజను వేరేచోట పడి అక్కడా తుప్పు చుక్కలు లేస్తాయి. రెండు వర్షాకాలాలు చాలు.

ఇంకొకటి. అల్యూమినియం ర్యాకును ఇనుప బోల్టుతో బిగిస్తే, మధ్యలో ఉప్పునీరు చేరితే, అది బ్యాటరీలాగా పనిచేస్తుంది. అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది. నైలాను వాషరు, గ్రీజు ఉంటే చాలా ఏళ్లు ఆగుతుంది. నాలుగు రూపాయల వాషరు కోసం నలభై వేల ర్యాకు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

చెరువుగట్టు | నవంబరు 9, రాత్రి 8:45

పచ్చ, గార్డు, గ్రిల్ మూడూ కొట్టేశాను. ఒక్కరోజులో జాబితా సగమైంది. షెడ్డు గారూ, రంగు వేయించకుండా పైన ర్యాపు (రంగు ఫిల్ము) చేయిస్తే ఎలా ఉంటుంది? కొబ్బరితోట దారిలో రెండు వైపులా మట్టలు గీసుకుపోతున్నాయి, నలుపు మీద ప్రతి గీతా తెల్లగా కనిపిస్తోంది.

షెడ్డు_రాజమండ్రి | నవంబరు 10, ఉదయం 7:10

మట్టల గీతలే బాధ అయితే వినైల్ ర్యాపు అందానికే, రక్షణకు అంతంతమాత్రం. గీత ర్యాపును చీల్చుతుంది. మందమైన పీపీఎఫ్ (రంగును కాపాడే ఫిల్ము) పారదర్శకంగా ఉంటుంది, చిన్న గీతలు ఎండ వేడికి వాటంతట అవే సర్దుకుంటాయి. కానీ బండంతా వేయిస్తే మీ లక్షన్నర అక్కడికే చాలదు. రెండు తలుపులు, వెనుక పక్క రేకులు, అంటే మట్టలు తగిలే ఎత్తు వరకే వేయించండి.

రంగు మార్పుకు వినైల్ కావాలంటే కాస్ట్ రకం అడగండి. చవక రకం సాగదీసి అతికించినా మళ్లీ వెనక్కి ముడుచుకుంటుంది. థార్ తలుపు బందులు బయటికే ఉంటాయి కదా, ముందుగా లేచేది అక్కడే. లేచిన అంచు కింద ఉప్పునీరు నిలిచి, మీకు తెలియకుండా రేకును తింటుంది. బందులు విప్పి, వాటి కింద దాకా అతికించి, మళ్లీ బిగించేవాడి దగ్గరే చేయించండి. మ్యాట్ మెరుగు చూడటానికి బాగుంటుంది గాని దాని మీద నీటి మరకలు వదలవు, పాలిషు పట్టకూడదు. మీ బోరు నీళ్లు ఎలాంటివో ఆలోచించుకోండి.

లంక_తమ్ముడు | నవంబరు 10, రాత్రి 9:00

స్నార్కెల్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మాది పి.గన్నవరం అవతల లంక. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా రోడ్డు నాలుగు రోజులు నీళ్లలో ఉంది. మా అన్నయ్య బండికి స్నార్కెల్ ఉందన్న ధైర్యంతో కాజ్‌వే మీదికి దిగాడు. నీళ్లు మోకాలి లోతే. సగం దూరం వెళ్లాక బండి వెనుక భాగం తేలి పక్కకు జరిగింది. అవతలి గట్టు మీదివాళ్లు తాడు విసిరి లాగారు.

ఇంటికి వచ్చాక విప్పి చూస్తే ఆ స్నార్కెల్ గొట్టం గాలి వడపోత పెట్టెకు కలపనే లేదు. మడ్‌గార్డుకు స్క్రూలతో అతికించిన బొమ్మ! ముందు యజమాని అందం కోసం పెట్టించాడట.

రెండో_గేరు | నవంబరు 10, రాత్రి 9:25

నిజంగా కలిపి ఉన్నా అన్నయ్యను అది కాపాడేది కాదు. స్నార్కెల్ చేసేది ఒక్కటే, ఇంజను పీల్చే గాలి రంధ్రాన్ని పైకి ఎత్తడం. థార్‌కు సంస్థ చెప్పిన నీటి లోతు 650 మిల్లీమీటర్లు. ఫోర్స్ వాళ్ల గుర్ఖా జీపుకు స్నార్కెల్ ఫ్యాక్టరీ నుంచే వస్తుంది, దానికే 700 చెప్పారు. అంటే అంత పొడుగు గొట్టం ఉన్నా లెక్క టాపు దాకా పోలేదు. గేరుబాక్సుకు, డిఫరెన్షియళ్లకు ఊపిరి గొట్టాలుంటాయి, వైర్ల జాయింట్లుంటాయి, తలుపు రబ్బర్లుంటాయి. పైగా ఆ కొలతలు నిలిచిన నీటికి. పారే వరద నీటిలో బండి బరువు సగం నీరే మోస్తుంది, ఇక టైరుకు పట్టు ఎక్కడిది?

చెరువుగట్టు | నవంబరు 10, రాత్రి 9:40

స్నార్కెల్ కూడా కొట్టేశాను. ఇక టైర్లు, లైట్లు మిగిలాయి. దయచేసి వాటి జోలికి రాకండి.

ఉప్పుగాలి | నవంబరు 11, ఉదయం 5:50

వస్తున్నాను. లైట్ల గురించే.

మాది అంతర్వేది దారి. ఇక్కడ రాత్రి డ్రైవింగు అంటే ఒక పక్క పంట కాలువ, ఇంకో పక్క చేను, మధ్యలో బండిన్నర వెడల్పు గట్టు రోడ్డు. కాలువకు పిట్టగోడ ఉండదు. ఎదుటి బండి టాపు మీద బారు లైటు వెలిగిస్తే నాకు కనిపించేది తెలుపు, దాని వెనుక ఇంకా తెలుపు. గట్టు అంచు ఎక్కడుందో అంచనా వేసుకుని చక్రం తిప్పాలి. కిందటి ఏడాది నా ముందు వెళ్తున్న ఆటో అలా తిప్పే కాలువలో పడింది. వేసవిలో కాలువలు కట్టేసిన రోజులు కాబట్టి బురదలో కూరుకుని ఊరుకుంది, అందరూ బతికారు. నీరు వదిలాక అయితే ఈ మాట ఇలా రాయగలిగేవాడిని కాదు.

టాపు మీద దీపం బానెట్ మీద కూడా పడి మీ కళ్లకే తిరిగి కొడుతుంది. పుష్యమాసపు మంచులో ఇంకా ఘోరం, ఎదురుగా తెల్ల దుప్పటి కట్టినట్లు ఉంటుంది. వెలుతురు కావాలంటే కింద బంపరు ఎత్తులో, పై అంచు కోసినట్లు తెగే ఫాగ్ దీపాలు రెండు చాలు. హెడ్‌లైటుల్లో హ్యాలోజెన్ బల్బు తీసి ఎల్‌ఈడీ బల్బు కూడా పెట్టకండి. ఆ రిఫ్లెక్టరు హ్యాలోజెన్ తీగ కోసం చేసింది, వేరే బల్బు పెడితే వెలుగు చెల్లాచెదురవుతుంది.

పాతజీపు_540 | నవంబరు 11, ఉదయం 6:40

బాగా చెప్పారు. అంత హంగు కావాలనుకుంటే కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో ప్రభ (వెదురుతో కట్టి, అలంకరించి మోసే చట్రం) కట్టుకోవచ్చు. దానికి ఆర్‌సీ అక్కర్లేదు.

నరసాపురం_సూది | నవంబరు 11, రాత్రి 8:15

ఇక్కడ కొత్త సభ్యురాలిని. నాది మారుతి జిమ్నీ, 2023లో తీసుకున్నాను. సఖినేటిపల్లి అవతల మా అమ్మమ్మగారి ఊరు కాబట్టి నెలకు రెండుసార్లు పంటు మీద గోదావరి దాటుతాను.

టైర్ల గురించి ఒక చిన్న లెక్క. మీ 255/65 ఆర్18 టైరు మొత్తం ఎత్తు సుమారు 789 మిల్లీమీటర్లు. 285/65 అయితే 828. ఎత్తు 39 పెరిగినా బండి కింద పెరిగేది అందులో సగమే, ఇరవై మిల్లీమీటర్లు. స్పీడోమీటరు 100 చూపించేటప్పుడు మీరు 105లో వెళ్తుంటారు. స్టీరింగు పూర్తిగా తిప్పితే లోపలి ప్లాస్టిక్‌కు రాసుకునే అవకాశం ఉంది. టైరు మడ్‌గార్డు దాటి బయటికి వస్తే చెరువుగట్టు బురదంతా తలుపుల మీదే. 265/65 అయితే ఎత్తు 802, తేడా రెండు శాతం లోపే. సైజు మార్చకుండా గాడి లోతైన ఏటీ (తారురోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చే) టైరు వేసినా చూపులో సగం మార్పు అక్కడే వస్తుంది. ఎంటీ (బురద కోసం చేసిన) టైరు మాత్రం తారురోడ్డు మీద తుమ్మెదలా మోగుతుంది, తడి రోడ్డు మీద పట్టూ తక్కువే.

ఇక అసలు సలహా. థార్ వెనుక మోసుకు తిరిగేది పెద్ద గుండ్రటి చక్రం. మా ఊళ్లో ఆడవాళ్లు తరాలుగా అల్లుతున్న లేసులో గుండ్రటి బల్లగుడ్డ అల్లిక ఒకటి ఉంటుంది, నడుమ నుంచి వరసలు వరసలుగా విచ్చుకుంటూ వస్తుంది. ఆ నమూనాను వినైల్‌లో కోయించి స్టెప్నీ కవరు మీద అతికిస్తే? నల్ల కవరు మీద మ్యాట్ బూడిద రంగు. మా అత్తయ్య అల్లినది స్కాన్ చేసి ఫైలు పంపగలను. నంబరు ప్లేటుకు అడ్డం రాదు, రేకుకు రంధ్రం పడదు, ఆర్టీవోకు చెప్పాల్సిన పనిలేదు.

గౌతమి_ఒడ్డు | నవంబరు 11, రాత్రి 8:40

మగవాడి బండి వెనుక లేసా?

పాతజీపు_540 | నవంబరు 11, రాత్రి 8:52

మా జీపు సీట్ల మీద ముప్పై ఏళ్లుగా మా అమ్మ అల్లిన లేసు గుడ్డలే ఉన్నాయి. జీపు ఏమీ సిగ్గుపడలేదు.

చెరువుగట్టు | నవంబరు 11, రాత్రి 9:30

నాకు నచ్చింది. ఫైలు పంపండి. మా ఆవిడకు చూపిస్తే "ఇది నువ్వు ఆలోచించింది కాదు కదా" అంది.

ఉప్పుగాలి | నవంబరు 12, ఉదయం 6:00

డబ్బు మిగిలేలా ఉంది కాబట్టి చెబుతున్నాను. అందులో కొంత బండి కిందికి పెట్టండి. తుప్పు గీకించి, ఆరబెట్టి, కింద కోటింగు, చాసిస్ బోలు భాగాల్లోకి మైనం కొట్టించండి. తుప్పు మీదే నల్ల కోటింగు పూయించుకుంటే మాత్రం లోపల పుండును కట్టు కట్టి దాచినట్లే. చెరువు దగ్గర నుంచి, ఇసుక నుంచి వచ్చిన ప్రతిసారీ అదే రోజు మంచినీళ్లతో కింద కడగాలి. కాలువలోకి దింపి కడిగేవాళ్లను చూస్తుంటాను. కింద ఊరివాళ్లు తాగే నీరది.

షెడ్డు_రాజమండ్రి | నవంబరు 12, మధ్యాహ్నం 1:45

మడ్‌గార్డుల చుట్టూ నల్ల ప్లాస్టిక్ ఎండకు తెల్లబడి ఉంటుంది కదా. దానికి కొబ్బరినూనె రాసి తెచ్చేవాళ్లు కోనసీమ నుంచే వస్తారు. రెండు రోజులు మిలమిల, మూడో రోజు దుమ్మంతా పట్టుకుని పకోడీలా తయారవుతుంది. హీట్ గన్‌తో కాల్చి నల్లగా చేస్తామనేవాళ్లూ ఉన్నారు, లోపలి నూనె పైకి వచ్చి కొన్నాళ్లు మెరుస్తుంది, మళ్లీ మొదటికే. ప్లాస్టిక్ కోసం చేసిన కోటింగు దొరుకుతుంది, శుభ్రంగా కడిగి అది వేయించండి. వెయ్యి రూపాయల పనితో బండి వయసు మూడేళ్లు తగ్గుతుంది.

చెరువుగట్టు | జనవరి 17, ఉదయం 10:20

అందరికీ కనుమ వెళ్లిన మరునాటి నమస్కారాలు. చివరికి చేయించినవి: కిందంతా తుప్పు గీకించి కోటింగు, మైనం. సైజు మార్చకుండా నాలుగు ఏటీ టైర్లు. తలుపులకు, పక్క రేకులకు పీపీఎఫ్. బంపరులో ఫాగ్ దీపాలు రెండు. ప్లాస్టిక్‌కు కోటింగు. చక్రాలు మెరిసే రంగు నుంచి ముదురు బూడిదకు. వెనుక లేసు. ఒక్క రంధ్రం కూడా వేయలేదు. లక్షన్నరలో పద్దెనిమిది వేలు మిగిలాయి, అవి మా ఆవిడ దగ్గరకు చేరాయి.

నిన్న జగ్గన్నతోట తీర్థానికి తీసుకెళ్లాను. ప్రభలు కాలువ దాటి చేలల్లోంచి వస్తుంటే చూసి, చీకటి పడ్డాక బండ్ల దగ్గరకు వచ్చాను. వరసగా ఏడెనిమిది థార్లు. నాదేదో దూరం నుంచే తెలిసింది, ఎందుకంటే వెనుక చక్రం దగ్గర ఒక పెద్దావిడ కళ్లజోడు సర్దుకుంటూ వంగి చూస్తున్నారు. వేలితో వరసలు లెక్కపెడుతున్నారు. నన్ను చూసి, "ఎవరు అల్లారు బాబూ? బయటి నుంచి నాలుగో వరసలో ఒక గొలుసు తప్పింది" అన్నారు.

నరసాపురం_సూది | జనవరి 17, మధ్యాహ్నం 12:05

అయ్యో. ఇప్పుడే తీసి చూశాను. ఆవిడ చెప్పింది నిజమే, అత్తయ్య అల్లికలోనే తప్పింది. నాలుగేళ్లుగా మా బల్ల మీద ఉన్నా మేమెవరం గమనించలేదు. సరిచేసి కొత్త ఫైలు పంపమంటారా?

చెరువుగట్టు | జనవరి 17, మధ్యాహ్నం 12:30

వద్దండి. రేపటి నుంచి చెరువు దగ్గర రొయ్యల పట్టుబడి, నాలుగో వరస దాకా బురదే. మీ అత్తయ్యగారికి మాత్రం చెప్పకండి.